కిడ్నీలో పేరుకున్న కొలాజెన్ వేరు, డబ్బాలోని కొలాజెన్ వేరు

ప్రశ్న: మావారికి 42 ఏళ్లు. షుగర్ లేదు, బీపీ ఉంది. మూత్రంలో ప్రొటీన్ పోతోందని కిడ్నీ బయాప్సీ చేసి ఐజీఏ నెఫ్రోపతీ అన్నారు. రిపోర్టులో "ఐఎఫ్‌టీఏ 30 శాతం" అని ఉంది, అంటే కిడ్నీలో మచ్చ కట్టడమట. దాని గురించి చదువుతుంటే "కిడ్నీ జబ్బుల్లో కొలాజెన్ జన్యువుల ఎక్స్‌ప్రెషన్ పెరుగుతుంది" అని కనబడింది. అప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. ఆయన మోకాళ్ల నొప్పులకి కొలాజెన్ పౌడర్ నేనే తెప్పించి తాగిస్తున్నాను. ఇదంతా నా వల్లే వచ్చిందా? జన్యువుల్లో లోపమైతే మా అబ్బాయికి కూడా వస్తుందా? ఆ ఎక్స్‌ప్రెషన్ టెస్టు చేయించాలా? ఈ మచ్చ ఇక తగ్గదా?

జవాబు: మీ వల్ల రాలేదమ్మా. ముందు ఆ మాట మనసులోంచి తీసేయండి, మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం. కొలాజెన్ అంటే ఒంట్లో కణాల మధ్య పోగుల్లా ఉండి పట్టునిచ్చే ప్రొటీన్. నోటితో తాగితే అది కొలాజెన్ రూపంలో కిడ్నీకి చేరదు. కడుపులోనూ పేగుల్లోనూ అరిగిపోయి అమైనో ఆమ్లాలుగా, మహా అయితే రెండు మూడు అమైనో ఆమ్లాలు అతుక్కున్న చిన్న తునకలుగా రక్తంలో కలుస్తుంది, ఆ తర్వాత శరీరం వాటిని తనకు కావలసిన ఏ ప్రొటీన్‌కైనా వాడుకుంటుంది. కిడ్నీలో పేరుకునే కొలాజెన్‌ని అక్కడి కణాలే అక్కడికక్కడే తయారు చేస్తాయి. మీరు తాగించిన పౌడర్‌కీ ఆ రిపోర్టులో ఉన్న 30కీ సంబంధం లేదు.

అలాగని పౌడర్ కొనసాగించమని కాదు. ఇప్పుడు ఆపేయడమే మంచిది, అయితే కారణాలు వేరు. అది కూడా ప్రొటీనే. కిడ్నీ పనితనం బాగా తగ్గినవాళ్లకి రోజుకి కిలో బరువుకి 0.8 గ్రాముల దగ్గర ప్రొటీన్ ఉంచుకోమని చెబుతారు, 1.3 గ్రాములు దాటొద్దంటారు. ఆయనకు ఎంత అన్నది క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ ఎంత బాగా వడపోస్తోందో చెప్పే అంకెలు) చూసి డాక్టర్ చెబుతారు, కానీ ఆ లెక్కలో ఈ చెంచాలూ చేరతాయి, చాలామంది దీన్ని మందు కింద జమకట్టి ప్రొటీన్ లెక్కలో వెయ్యరు. రెండోది, కొలాజెన్‌లో హైడ్రాక్సీప్రోలిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ, శరీరంలో దాని నుంచి కొంత ఆక్సలేట్‌గా మారి మూత్రంలోకి వస్తుంది. పైగా ఈ డబ్బాల్లో చాలావాటిలో విటమిన్ సి కూడా కలుపుతారు, దాన్నుంచీ ఆక్సలేట్ వస్తుంది. కిడ్నీలో రాళ్లు వచ్చే తత్వం ఉన్నవాళ్లకి ఇది అసలు పనికిరాదు.

మీ ఉత్తరంలో నన్ను నిజంగా కలవరపెట్టింది పౌడర్ కాదు, మోకాళ్ల నొప్పులు. ఆ నొప్పులకి ఆయన ఇంకేం వేసుకుంటున్నారో మీరు రాయలేదు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు అప్పుడప్పుడూ మింగుతుంటే ఈ రోజే ఆపించండి. కిడ్నీలోకి వచ్చే రక్తనాళాలు తెరుచుకుని ఉండటానికి కావలసిన ప్రోస్టాగ్లాండిన్లని అవి తగ్గించేస్తాయి. బీపీకి రామిప్రిల్, టెల్మిసార్టాన్ లాంటివి, వాటితో పాటు నీరు పోయే మాత్ర కూడా వాడుతున్నవాళ్లు వీటిని కలిపితే కిడ్నీ ఉన్నపళంగా దెబ్బతినొచ్చు. నొప్పి తట్టుకోలేనంతగా ఉంటే పారాసెటమాల్ తగిన మోతాదులో వాడుకోవచ్చు. డాక్టర్ దగ్గర అన్ని మందులూ చెప్పి, నొప్పి బిళ్ల మందు కాదన్నట్టు దాన్ని మాత్రం వదిలేసేవాళ్లు ఎంతమందో. మీరు మాత్రం అది కూడా చెప్పండి.

ఇక జన్యువుల సంగతికి వద్దాం. మీరు రెండు వేరువేరు విషయాలని కలిపి చదువుకుని భయపడుతున్నారు. జన్యువులో లోపం ఉండటం ఒకటి. ఏ లోపమూ లేని జన్యువు అవసరానికి మించి పనిచేయడం ఇంకొకటి. మీరు చదివిన "ఎక్స్‌ప్రెషన్ పెరుగుతుంది" అన్నది రెండోది. మనుషుల్లో 28 రకాల కొలాజెన్లున్నాయి, వాటిని తయారుచేసే జన్యువులు 40కి పైనే. అవి మీకూ నాకూ మీవారికీ అందరికీ ఉన్నాయి, ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఉన్నాయి, కాకపోతే చాలా కణాల్లో ఊరికే పడి ఉంటాయి. ఏదైనా కణం ఆ జన్యువు నుంచి ఎంఆర్‌ఎన్‌ఏ అనే నకలు తీసి ప్రొటీన్ తయారీ మొదలుపెడితే దాన్నే ఎక్స్‌ప్రెషన్ అంటాం. నకళ్లు ఎక్కువ తీస్తే ఎక్స్‌ప్రెషన్ పెరిగినట్టు, తక్కువ తీస్తే తగ్గినట్టు. ఇది పుట్టుకతో రాసిపెట్టి ఉండేది కాదు, రోజులు గంటల లెక్కన మారుతుంది. మీ చెయ్యి తెగినా అక్కడి కణాలు ఇదే పని చేస్తాయి, అందుకే గాయం మూసుకుంటుంది.

బయాప్సీ అద్దం మీద ఇది ఎలా కనబడుతుందో చెబుతాను, అప్పుడు ఆ 30 అన్న అంకె మీకు అర్థమవుతుంది. సూదితో తీసిన ముక్క ఒకటి రెండు సెంటీమీటర్ల పొడవు, సుమారు ఒక మిల్లీమీటరు మందం ఉంటుంది. దాన్ని పల్చటి పొరలుగా కోసి మాసన్ ట్రైక్రోమ్ అనే రంగు వేస్తారు, కొలాజెన్ నీలంగా, కణాలు ఎర్రగా తేలతాయి. ఆరోగ్యంగా ఉన్న చోట చిన్న చిన్న గొట్టాలు ఒకదానికొకటి ఆనుకుని చిక్కగా ఉంటాయి, మధ్యలో నీలం రంగు సన్నటి గీతలా ఉందా లేదా అన్నట్టుంటుంది. మచ్చ కట్టిన చోట గొట్టాలు కుంచించుకుపోయి, వాటి చుట్టూ ఉండే పొర దళసరిగా ముడతలు పడి, ఒకదానికొకటి దూరం జరిగిపోతాయి, ఆ ఖాళీ అంతా నీలమే. కిడ్నీ వెలుపలి భాగమైన కార్టెక్స్ నుంచి వచ్చిన ముక్కలో ఇలాంటి చోటు ఎంత ఉందో కంటితో అంచనా కట్టి శాతంలో రాస్తారు. ఐఎఫ్‌టీఏ అంటే అదే, గొట్టాల మధ్య మచ్చ, గొట్టాలు ఎండిపోవడం, ఈ రెండూ కలిపి.

కాబట్టి 30 శాతం అంటే కిడ్నీ పనిలో 30 శాతం పోయిందని కాదు. మచ్చ కిడ్నీ అంతటా ఒకేలా ఉండదు, మాసికల్లా అక్కడక్కడా ఉంటుంది, సూది ఎక్కడ పడితే అక్కడి సంగతే తెలుస్తుంది. అలాగని తేలిగ్గా తీసుకోవాల్సిన అంకె కూడా కాదు. ఐజీఏ నెఫ్రోపతీకి వాడే ఆక్స్‌ఫర్డ్ స్కోరులో 25 వరకు టీ0, 26 నుంచి 50 వరకు టీ1, ఆ పైన టీ2. రిపోర్టులో ఎం, ఈ, ఎస్, టీ, సీ అని అక్షరాలుంటాయి చూడండి, ముందు ముందు కిడ్నీ ఎలా ఉంటుందో చెప్పడంలో వాటిలో టీకి చాలా బరువుంది. మీవారిది టీ1 కిందికి వస్తుంది. నడి మధ్యన ఉన్నారు, చేయాల్సింది చాలా మిగిలి ఉంది.

ఆ నీలం రంగుని తయారుచేసేది ఎవరు అన్నదాని మీద శాస్త్రవేత్తలు చాలా ఏళ్లు వాదించుకున్నారు. దెబ్బతిన్న గొట్టాల కణాలే రూపం మార్చుకుని కొలాజెన్ కణాలైపోతాయని ఒకప్పుడు గట్టిగా నమ్మేవాళ్లు. 2021లో మనుషుల కిడ్నీల నుంచి ఒక్కో కణాన్నీ విడదీసి, ఏ కణంలో ఏ జన్యువు నడుస్తోందో చూసిన పెద్ద పరిశోధన ఒకటి వచ్చింది. కొలాజెన్ జన్యువుల్ని జోరుగా నడిపేవి ప్రధానంగా గొట్టాల మధ్య ఉండే ఫైబ్రోబ్లాస్టులు, సన్నటి రక్తనాళాలని అంటిపెట్టుకుని ఉండే పెరిసైట్లు అని తేలింది. అవి మచ్చ కట్టే మయోఫైబ్రోబ్లాస్టులుగా మారి సీఓఎల్1ఏ1, సీఓఎల్1ఏ2, సీఓఎల్3ఏ1 అనే జన్యువుల నుంచి ఒకటో రకం, మూడో రకం కొలాజెన్ పోస్తాయి. గొట్టాల కణాలు చేసే తప్పు ఏమిటంటే, వాటిని రెచ్చగొట్టే సంకేతాలు పంపడం. అందులో ముఖ్యమైనది టీజీఎఫ్ బీటా. మరి గొట్టాల కణాలకి ఆ బాధ ఎక్కడిది? వడపోతలోంచి జారిపోయే ప్రొటీన్, ఎక్కువైన బీపీ, వాపు, యాంజియోటెన్సిన్ అనే హార్మోను, వీటి వల్ల. మీవారి విషయంలో మొదట వడపోత గుత్తుల్లో, అంటే రక్తాన్ని వడగట్టే సన్నటి రక్తనాళాల గుత్తుల్లో, ఐజీఏ అనే యాంటీబాడీ పేరుకుంది, దానివల్ల ప్రొటీన్ జారడం మొదలైంది, మచ్చ ఆ తర్వాత వచ్చింది. అంటే కొలాజెన్ జన్యువులు ఈ కథలో నేరస్థులు కావు, ఎవరో పంపిన ఆర్డరుకి పనిచేస్తున్నాయి.

ఇక్కడ ఎక్స్‌ప్రెషన్‌కీ మచ్చకీ తేడా తెలుసుకోవాలి, టెస్టు గురించి మీరడిగిన ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది. ఒక చెరువు అనుకోండి. ఎక్స్‌ప్రెషన్ అంటే ఇవాళ వాగులో కొట్టుకొస్తున్న మట్టి, మచ్చ అంటే ఇన్నాళ్లుగా అడుగున పేరుకున్న పూడిక. వాగు తేటగా ఉన్నా పాత పూడిక ఉండొచ్చు, పూడిక ఇంకా తక్కువగానే ఉన్నా వాగు బురదగా పారుతుండొచ్చు. దానికి తోడు పూడిక తీసే పని కూడా కిడ్నీలో నడుస్తుంటుంది, కొలాజెన్‌ని కత్తిరించే ఎంఎంపీ అనే ఎంజైములు, వాటికి అడ్డుపడే టింప్ అనే ప్రొటీన్లు ఉన్నాయి, జబ్బులో తయారీ పెరగడమే కాదు, తీసివేత కూడా మందగిస్తుంది. ఆరోగ్యవంతుల మూత్రంలో కొలాజెన్ తునకలు బోలెడు కనిపిస్తాయి. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లలో అలాంటి తునకలు చాలావరకు తగ్గుతాయి, అంటే లోపల పేరుకున్నది విరిగి బయటికి రావడం లేదన్నమాట. ఈ తునకలని ఆధారం చేసుకునే సీకేడీ273 అనే మూత్రపరీక్ష తయారు చేశారు, 273 పెప్టైడ్లని, అంటే ప్రొటీన్ తునకలని, ఒకేసారి చూస్తుంది. షుగర్ ఉన్నవాళ్లలో ఎవరికి కిడ్నీ జబ్బు వచ్చే ప్రమాదం ఉందో అది ముందే పట్టగలిగింది, కానీ అలా పట్టినవాళ్లకి స్పైరోనోలాక్టోన్ అనే మందు ఇచ్చి చూస్తే ఉపయోగం కనిపించలేదని 2020లో తేలింది.

కాబట్టి కొలాజెన్ ఎక్స్‌ప్రెషన్ టెస్టు చేయించొద్దు. బయాప్సీ ముక్కలో ఎంఆర్‌ఎన్‌ఏ కొలవడం పరిశోధనకి పనికొచ్చే పని, దాని ఫలితం చూసి మీవారికి మందు మార్చే పరిస్థితి ఇవాళ లేదు. రక్తంతో "కిడ్నీ జీన్ ఎక్స్‌ప్రెషన్" చూస్తామని ఎవరైనా అమ్మజూపితే కొనకండి, రక్తకణాల్లో ఏ జన్యువు నడుస్తోందో తెలిసినంత మాత్రాన కిడ్నీ గొట్టాల మధ్య ఏం జరుగుతోందో తెలియదు. వాగు ఎలా పారుతోందో మీకు చెప్పే పరీక్షలు మీ చేతిలోనే ఉన్నాయి: మూత్రంలో ప్రొటీన్ ఎంత పోతోంది, బీపీ ఎంత, ఈజీఎఫ్ఆర్ నెలనెలకీ ఎటు పోతోంది. ఇవి మామూలు టెస్టులని చిన్నచూపు చూడకండి. మీవారికి ప్రొటీన్ రోజుకి అర గ్రాము లోపుకి దిగితే అది చాలా మంచి కబురు.

కొలాజెన్‌ని నేరుగా ఆపే మందు లేదా అని మీకు అనిపిస్తుంది. ప్రయత్నాలు జరిగాయి. టీజీఎఫ్ బీటా1ని కట్టడి చేసే యాంటీబాడీని షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో వాడి చూశారు, ఫలితం లేదని పరీక్షను మధ్యలోనే ఆపేసి 2017లో ప్రచురించారు. జంతువుల్లో అద్భుతంగా పనిచేసినవి మనుషుల్లో ఇలా చతికిలబడ్డాయి. టీజీఎఫ్ బీటా శరీరంలో రోగనిరోధక శక్తిని అదుపులో పెట్టడం లాంటి మంచి పనులూ చేస్తుంది, సీఓఎల్1ఏ1 ఎముకకీ చర్మానికీ కావాలి, వాటి పీక నొక్కేస్తే కుదరదు.

కానీ పైనుంచి వచ్చే ఆర్డరుని తగ్గించే మందులు ఉన్నాయి, అవి పనిచేస్తాయి. రామిప్రిల్ లాంటి ఏస్ ఇన్హిబిటర్లు, టెల్మిసార్టాన్, లోసార్టాన్ లాంటి ఏఆర్‌బీలు బీపీ బిళ్లలని అందరికీ తెలుసు, కానీ ఇక్కడ అవి చేసే అసలు పని యాంజియోటెన్సిన్‌ని అడ్డుకుని, వడపోత మీద ఒత్తిడి తగ్గించి, ప్రొటీన్ జారకుండా చూడటం. డాపాగ్లిఫ్లోజిన్ షుగర్ మందు కదా, మావారికి షుగర్ లేదు కదా, ఎందుకు రాశారని కంగారు పడకండి. 2020లో వచ్చిన డాపా సీకేడీ అనే పరీక్షలో 4,304 మంది పాల్గొన్నారు, వాళ్లలో సుమారు మూడో వంతు మందికి షుగర్ లేదు, 270 మందికి ఐజీఏ నెఫ్రోపతీయే, వాళ్లకీ మేలు కనిపించింది. ఇవి కాక ఐజీఏ జబ్బుకే ప్రత్యేకమైన మందులు కూడా వస్తున్నాయి, మీ డాక్టర్‌తో మాట్లాడండి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను, ఎందుకంటే మంచి మందు చేజారిపోయేది ఇక్కడే. రామిప్రిల్, టెల్మిసార్టాన్ మొదలుపెట్టాక రెండు నుంచి నాలుగు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం చూస్తారు. అప్పుడు క్రియాటినిన్ కొంచెం పెరగొచ్చు. నాలుగు వారాల్లో 30 శాతం లోపు పెరిగితే అది వడపోత మీద ఒత్తిడి తగ్గిందనడానికి గుర్తు, కిడ్నీ పాడైందనడానికి కాదు. అది చూసి టెన్షన్ పడి సొంతంగా మందు మానేయకండి. 30 దాటినా, పొటాషియం పెరిగినా డాక్టర్ చూసి నిర్ణయిస్తారు. వాంతులు విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీరు పోతున్న రోజుల్లో వీటిని తాత్కాలికంగా ఆపాలా అన్నది ముందే అడిగి రాసి పెట్టుకోండి. ఉప్పు రోజు మొత్తానికి 5 గ్రాములు దాటకూడదు, ఉప్పు తగ్గించకపోతే ఈ మందుల బలం సగం నీళ్లపాలే.

మచ్చ తగ్గుతుందా అని అడిగారు. పాత మచ్చ ముదిరి, పోగులు ఒకదానికొకటి బిగుసుకుపోయాక కరిగించడం కష్టం, ఎండిపోయిన గొట్టం మళ్లీ చిగురించదు. కానీ ఎప్పటికీ మారనే మారదు అన్న మాట కూడా నిజం కాదు. 1998లో ప్రచురితమైన ఒక పరిశోధన నాకు చాలా ఇష్టం. టైప్ 1 షుగర్‌తో కిడ్నీ దెబ్బతిన్న 8 మందికి పాంక్రియాస్ మార్పిడి చేశారు, షుగర్ మామూలు స్థాయికి వచ్చింది. అయిదేళ్లకి బయాప్సీ చేస్తే మార్పు లేదు. అక్కడితో ఆపేసి ఉంటే లాభం లేదని రాసేసేవాళ్లు. పదేళ్లకి మళ్లీ చేశారు, దళసరిగా మారిన వడపోత పొర పల్చబడింది, గుత్తుల్లో పేరుకున్న పదార్థం తగ్గింది. షుగర్ కిడ్నీ వేరు, ఐజీఏ వేరు, దీన్ని తెచ్చి మీవారికి యథాతథంగా అతికించను. కానీ కారణాన్ని ఆపేస్తే కిడ్నీ పేరుకున్న పదార్థాన్ని తీసుకోగలదని, దానికి ఏళ్లు పడుతుందని ఇది చూపించింది. మీవారి విషయంలో మన గురి 30ని సున్నా చేయడం మీద కాదు, 30 దగ్గరే నిలబెట్టడం మీద.

చివరిగా మీ అబ్బాయి. ఐజీఏ నెఫ్రోపతీ కొన్ని కుటుంబాల్లో ఒకరికి మించి కనిపిస్తుంది గానీ, ఎక్కువమందిలో అలా కాదు, తండ్రికి ఉంది కాబట్టి కొడుక్కీ వస్తుందని లెక్క కట్టే జబ్బు కాదు.

కొలాజెన్ జన్యువులో నిజంగా లోపం ఉండే జబ్బు వేరే ఉంది, దాన్ని ఆల్‌పోర్ట్ సిండ్రోమ్ అంటారు, 1927లో ఆల్‌పోర్ట్ అనే వైద్యుడు వివరించాడు. మచ్చలో ఉండే ఒకటో రకం కొలాజెన్‌తో దీనికి పనిలేదు. వడపోత పొరని కట్టేది నాలుగో రకం కొలాజెన్, దాని మూడు గొలుసులకి సీఓఎల్4ఏ3, సీఓఎల్4ఏ4, సీఓఎల్4ఏ5 జన్యువులు. వాటిలో తప్పుంటే పొర పుట్టుకతోనే బలహీనంగా ఉండి, చిన్నప్పటి నుంచే మూత్రంలో కంటికి కనిపించని రక్తం పోతుంది, తర్వాత వినికిడి తగ్గుతుంది, కొందరికి కంటి లెన్సు ముందుకి పొడుచుకొస్తుంది. సీఓఎల్4ఏ5 ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది కాబట్టి అది తండ్రి నుంచి కొడుక్కి రాదు, కూతుళ్లందరికీ వస్తుంది. మిగతా రెండు అలా కాదు, ఎవరి నుంచి ఎవరికైనా రావచ్చు. 2019లో 3,315 మంది కిడ్నీ రోగుల జన్యువులు చదివితే 9.3 శాతం మందిలో జబ్బుకి కారణమైన లోపం దొరికింది, అలా దొరికినవాళ్లలో సుమారు 30 శాతం మందికి ఈ మూడు జన్యువుల్లోనే. ఇంకేదో జబ్బని పేరు పడిపోయి అసలు కారణం ఇది అయినవాళ్లు కూడా ఉంటారు, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

కాబట్టి ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు, బయాప్సీ ముక్కని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద కూడా చూశారా, చూస్తే వడపోత పొర మందం ఎలా ఉందని రాశారు అని అడగండి. మీవారి తరఫు చుట్టాల్లో చిన్న వయసులో డయాలసిస్‌కి వెళ్లినవాళ్లు, కుర్రతనంలోనే చెవులు సరిగా వినబడనివాళ్లు, ఏళ్ల తరబడి మూత్రంలో రక్తం ఉందని చెప్పించుకున్నవాళ్లు ఉన్నారేమో అత్తగారిని, ఆడపడుచులని అడిగి తెలుసుకుని వెళ్లండి. పొర పల్చగానో పొరలు పొరలుగా చీలినట్టో ఉందన్నా, చుట్టాల్లో ఇలాంటివాళ్లున్నా, అప్పుడు జన్యు పరీక్ష అడగాలి. ఇది ఎక్స్‌ప్రెషన్ టెస్టు కాదు, రక్తంతోనో ఉమ్మితోనో జన్యువు రాతనే చదివే పరీక్ష. ఇవేవీ లేకపోతే సాధారణంగా అవసరం పడదు.

అబ్బాయికి ఇప్పటికి ఒక మూత్రపరీక్ష చేయించి, బీపీ చూపించండి, చాలు. రక్తం, ప్రొటీన్ రెండూ లేకపోతే వాడి మానాన వాణ్ని వదిలేయండి. రక్తకణాలు కనిపిస్తే జ్వరం, ఆటల అలసట లేని రోజు చూసి మళ్లీ చేయించండి, అప్పుడూ ఉంటే తండ్రి బయాప్సీ రిపోర్టు వెంట తీసుకుని పిల్లల కిడ్నీ డాక్టర్‌కి చూపించండి.